బాప్తిస్మపు తొట్టిలో పిట్ట

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి విశ్వాసం ఉండేది. ఒకటి దేవుని మీద, రెండోది నేను చేసిన వైరింగు మీద. మొదటిది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రెండోది ఒక ఆదివారం ఉదయం, సంఘమంతా చూస్తుండగా, నీళ్లలో మునిగింది.

వరంగల్‌లో మా సంఘంవాళ్ల బడిలో సైన్సు మాస్టరుగా కొత్తగా చేరాను. ల్యాబు లేదు. మందిరం వెనుక పాత చాపలు వేసే గది ఇప్పించమని పాస్టరుగారిని (మేం అయ్యగారు అంటాం) కనబడినప్పుడల్లా అడిగేవాణ్ణి. ఆయన బాధ వేరు. బాప్తిస్మపు తొట్టి నింపిన ప్రతిసారీ ఎవరో ఒకరు మోటరు ఆపడం మరిచిపోయేవారు. నీళ్లు పొంగి, మెట్ల దగ్గర విడిచిన చెప్పులన్నీ గేటు దాకా తేలుతూ పోయేవి. "మీ పిల్లలతోటి దీనికేమన్న ఉపాయం చేయించుండ్రి సారూ. చెప్పులు తేలద్దు, ఆరాధన ఆగద్దు. గట్లయితే గది మీదే. లేకుంటే మళ్ల ఆ గది మాటెత్తద్దు," అన్నారు.

తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి కూర్చున్నాను. వాళ్లకు నాయకుడు టెస్టర్ అని అందరూ పిలిచే పిల్లాడు (జేబులో పెన్ను మరిచినా టెస్టర్ మరిచేవాడు కాదు). రెండు రాగి తీగలు, ఒక ట్రాన్సిస్టరు, ఒక బ్యాటరీ. నీళ్లు పైకి వచ్చి తీగల కొసలను తాకితే గంట మోగాలి. గంట దొరక్క, టెస్టర్ వాళ్లింట్లో మూలపడ్డ పిట్టకూత కాలింగ్ బెల్లు తగిలించాం. శనివారం తొట్టి నిండగానే అది కిచకిచమంది. పిల్లలు ఎగిరి గంతేశారు. మోటరు ఆపాం కానీ పిట్ట మాత్రం ఆగదే. స్విచ్చు తయారుచేసిన మాకు దాన్ని ఆపడానికి ఇంకో స్విచ్చు పెట్టాలని తోచలేదు. రెండు బకెట్ల నీళ్లు తోడి పారబోశాక ఊరుకుంది.

"తీసేద్దామా సార్?" అన్నాడు టెస్టర్.

"ఉండనీరా, రేపు అందరు చూడాలె," అన్నాను. (గర్వం గురించి సండే స్కూల్లో పాఠం చెప్పేది నేనే.)

మర్నాడు బాప్తిస్మం తీసుకునేది పరకాల నుంచి వచ్చిన టెస్టర్ వాళ్ల నాయనమ్మ. అయ్యగారు భారీ మనిషి. ఆయన తొట్టిలో కాలు పెట్టి దిగగానే లేచిన అలకు పిట్ట ఒకసారి కిచకిచమంది. ముందు వరుసలో ఒక పెద్దాయన పైకప్పు వైపు చూసి "స్తోత్రం" అన్నాడు. నీళ్లలో దిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు నెడుతుందో ఆ వారమే బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పిన నేను, పాటల పుస్తకంలో తల దూర్చాను. నాయనమ్మ దిగింది. మళ్లీ కిచకిచ. ఈసారి స్తోత్రం నాలుగు వరుసల నుంచి వచ్చింది. టెస్టర్ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆమె పూర్తిగా మునిగేసరికి పిట్ట ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. పైకి లేచిన ఆమె ముఖం వెలిగిపోతోంది. "అయ్యగారూ, యొర్దానుల యేసయ్య మీద దిగినట్టు నా మీద పావురం దిగిందా?" అని అడిగింది.

యేసును ఎరగనని బొంకిన పేతురుకు కోడి కూసినట్టు నాకు బెల్లు కూసింది. గది పోతే పోయింది, ఆ తల్లి విశ్వాసం మీద అబద్ధం పేర్చలేను. లేచి తొట్టి అంచు దాకా వెళ్లాను.

"పావురం కాదమ్మా. మేం చేసిన స్విచ్చు. మనుషులు దిగితే నీళ్లు లేస్తయన్న సంగతి నేనే మరిచిన."

పిట్ట ఇంకా కూస్తూనే ఉంది. నాయనమ్మ మనవడి కోసం వెతికి చూసింది. "మా పిలగాడు చేసిందేనా? మోగనియ్యుండ్రి మరి."

అయ్యగారు పొట్ట కదిలేలా నవ్వారు. ఆ అలలకు నా ప్యాంటు అంచులు తడిశాయి. "గది తీసుకోండ్రి సారూ. ఈసారి జర నన్ను తూకమేసి తీగ పెట్టుండ్రి," అన్నారు.

ఇప్పుడు ల్యాబుగా మారిన ఆ గదిలోకి సైన్సు కిట్లు అట్టపెట్టెల్లో వస్తున్నాయి. పిల్లలు ఏం చేసి తెచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: "ఆపేది ఎక్కడుంది?" అయినా ఎవరింటి దగ్గరైనా పిట్టకూత బెల్లు వినబడితే కూర్చున్న చోటు నుంచి సగం లేస్తాను, ఒప్పుకోవలసింది ఇంకా ఏదో మిగిలిపోయినట్టు.