ఒకవైపే చూసిన లెక్క

ఇవాళ పొద్దున పేపర్లో రెండు కాలేజీల ఉత్తీర్ణత శాతాలు పక్కపక్కన అచ్చేసి, ఇది మేలు, అది నాసిరకం అని తేల్చేసిన ప్రకటన చూడగానే ఒళ్ళు మండిపోయింది. అలాంటి పాడుపని నేనూ ఒకసారి చేశాను కాబట్టి ఆ మంట ఇంకా ఎక్కువ.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో మా బావ నడిపే కోచింగ్ సెంటర్లో నేను స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. మాది కోస్తా. మావైపు పిల్లలు పక్క సందులోని హాస్టళ్ళలో ఉండేవారు, నల్గొండవైపు పిల్లలు ఎల్బీనగర్ అవతల నుంచి బస్సుల్లో వచ్చేవారు. మోడల్ టెస్టులో మావైపు వాళ్ళు ఎక్కువమంది గట్టెక్కేసరికి, లోకల్ పిల్లల్ని వేరే బ్యాచ్‌లో వేసి, పాఠం సరిగా చెప్పడం రాని లెక్చరరుకు అప్పగించాలని మా బావకు బుద్ధి పుట్టింది. ఊరికే చేస్తే గొడవవుతుందని, ఆ తేడా నిజమేనని క్లాసులో పిల్లల ముందే లెక్క కట్టి చూపించమన్నాడు.

చూపించాను, సిగ్గులేకుండా. రెండు గుంపుల్లో పాసయ్యేవాళ్ళ నిష్పత్తి ఒకటేననుకుని మొదలుపెట్టాలి, తేడా ఎటువైపున్నా పట్టుకునేలా పరీక్ష పెట్టాలి, అదీ మార్కులు చూడకముందే రాసుకోవాలి అని క్లాసులో గొంతు చించుకునే నేనే, మార్కులు చూశాక ‘మావాళ్ళదే ఎక్కువ’ అని ఒక్కవైపే చూసే ఊహను పరికల్పనగా రాశాను. అలా రాస్తే, తేడా నిజమేనని చెప్పడానికి దాటాల్సిన హద్దు తగ్గుతుంది. లెక్కలో వచ్చిన విలువ దాన్ని బొటాబొటిగా దాటింది. రెండువైపులా చూసుంటే దాటేది కాదని నాకు తెలుసు.

బోర్డు మీద అది చూసి, నేనిచ్చే లెక్కలన్నీ అందరికంటే ముందు చేసే ఒక లారీ డ్రైవరు కూతురు లేచి నిలబడింది.

“సార్, మార్కులు జూసినంక మేమే తక్కువని రాసిన్రు గద. ముందుగాల రాయాలె అని మీరే చెప్పిన్రు. బందులల్ల బస్సులు నడవక మేం రాని క్లాసులు గీ లెక్కల యాడున్నయి?”

గుమ్మంలో మా బావ నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఆ పిల్లను గదిమాను. మర్నాడు బ్యాచ్‌లు విడిపోయాయి, ఆ అమ్మాయి మూడు రోజులు వచ్చి మానేసింది. పరీక్ష రాసిందో లేదో కనుక్కునే ముఖం నాకు లేకపోయింది.

రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, మా బావ సెంటరున్న చోట బట్టల దుకాణం వెలిసింది. ఇప్పుడు లెక్కంతా కంప్యూటరే చేసి పెడుతుంది. పిల్లలు ‘ఎందుకు?’ అని అడగడమే మానేశారని మనతరం వాళ్ళు వాపోతుంటే నేను నోరెత్తలేను. అడిగిన పిల్లను కూర్చోబెట్టింది నేనే.