ఆరోగ్యమేరి పెరట్లో రాయి

చివరి రోజు సాయంత్రం వరదరాజులు బియ్యప్పిండి గిన్నె కడిగి వంటగట్టు మీద బోర్లించాడు. మణవాళనగర్ నుంచి కూతురు మంజు ఫోన్ చేసి తిన్నావా నాయనా అని అడిగితే, రాతి మీద చివరి వరుసలో ఇంకో అక్షరం తేలిందని చెప్పాడు. ఏ అక్షరమో ఆమె అడగలేదు. తెల్లారేసరికి ఆయన లేడు. గుండె ఆగిందన్నారు.

వాళ్ళ ఊరు సాలిపేట, తమిళనాడులో కాట్టుపల్లి రేవుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉంటుంది. నేతపని చేసే తెలుగువాళ్ళు కొందరు, చేపలు పట్టే తమిళులు కొందరు. మగ్గం మానేసినవాళ్ళు రేవులో కాంట్రాక్టు పనికి పోతారు. వరదరాజులు నేతగాళ్ళ సొసైటీలో గుమాస్తాగా రిటైరై, ఊరి చరిత్ర పట్టుకున్నాడు. పట్టుకోమని ఎవరూ అడగలేదు. పెళ్ళికి పిలిస్తే, పెళ్ళికొడుకు వాళ్ళ ఇల్లు ఒకప్పుడు ఉప్పుకొట్టమనీ, అందులో దొంగతనం చేసి దొరికిపోయినవాడు ఆ అబ్బాయి ముత్తాతేననీ భోజనాల దగ్గర చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఆయనకు శుభలేఖలు పెళ్ళిళ్ళయ్యాక అందడం మొదలైంది. పోస్ట్‌మ్యాన్‌కు వయసైపోయిందని ఆయన జాలిపడ్డాడు.

ఆయన ప్రాణమంతా ఒక రాతి మీద ఉండేది. అది చర్చి దగ్గర ఆరోగ్యమేరి పెరట్లో ఉంది. ఆరోగ్యమేరి ఇంట్లో మాట్లాడేది తమిళం. నేతగాళ్ళ వీధిలో పెరిగింది కాబట్టి తెలుగులో కూడా తిట్టగలదు. ఆ రాయి ఆమె అవ్వ కాలం నుంచీ గుడ్డలుతికే బండ. దాని మీద పాత తెలుగు రాత ఉందని కనిపెట్టింది వరదరాజులే. పొడి పిండి పూసి పైపైన తుడిస్తే గీతల్లో తెల్లగా నిలిచేది. ఆయన చదవడం ఆలస్యమైతే చీమలొచ్చి తినేసేవి. ఈ వీధిలో పడుగులు చాచుకునే హక్కు నేతవాళ్ళదని అందులో ఉందట. వీధి పొడవునా నూలు పోగులు కట్టి గంజి పట్టించడమే పడుగు చాచడం. చిన్నప్పుడు మంజు ఆ పోగుల కింద దూరి బడికి పోయేది.

రాతిని కాపాడమని ఆయన తిరువళ్ళూరులో పురావస్తు ఆఫీసుకు అర్జీ పెట్టాడు. చర్చికి పడమరగా ఒక పడుగు దూరంలో ఉందని అందులో రాశాడు. ఒక ఆఫీసరు జీపులో వచ్చి, పడుగంటే ఎంత పొడవని వీధిలో అడిగాడు. చీరలు నేసేవాళ్ళు ఒకటి చెప్పారు, లుంగీలు నేసేవాళ్ళు ఇంకొకటి చెప్పారు. వాళ్ళలో వాళ్ళకు మాటామాటా పెరిగింది. ఆఫీసరు తిరుత్తణిలో పని ఉందని వెళ్ళిపోయాడు. వరదరాజులు నొచ్చుకోలేదు. కొలత సరిగ్గానే ఇచ్చానన్నాడు.

కర్మలు ముగిశాక మంజుకు తెలిసింది, ఆరోగ్యమేరి కొడుకు అజిత్ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నాడని. పెరట్లో ఉన్న రాళ్ళన్నీ మర్నాడు పునాదిలోకి పోతాయి, ఆ రాయి కూడా. అది సిమెంటు కింద పడితే, నాయన ఇన్నేళ్ళూ చేసింది పిచ్చిపనే అవుతుంది. ఆ మాట ఊళ్ళో ఎలాగూ ఉంది. మంజు వెంటనే బయల్దేరి వెళ్ళి, రాయి తనకిమ్మని అడిగింది.

"ఏం చేసుకుంటావక్కా?" అన్నాడు అజిత్. "మణవాళనగర్‌లో వాషింగ్ మెషిన్ లేదా?"

"ఉంది. దీని మీద అక్షరాలుండాయి."

"యాడ?" అని అతను వంగి చూశాడు. "నాకేం కనపడల్లా."

మంజు పిండి అడిగి తెచ్చి పూసింది. రాయంతా ముగ్గులో పడి లేచినట్టు తెల్లగా అయింది. అజిత్ నవ్వు ఆపుకోలేదు. ఆరోగ్యమేరి వచ్చి ఆమెను పక్కకు నెట్టింది.

"తప్పుకో పాప. మీ నాయన ఇట్లా పూసినాడా ఏనాడైనా?"

ఆమె అరచేత్తో పైపైన తుడిచింది. వరుసలు తేలాయి. మంజుకు తమిళం చదివినంత సులువుగా తెలుగు రాదు. వేలుపెట్టి కూడబలుక్కుంటూ పోతే, పడుగు అనే ఒక్క మాట దొరికింది. ఆ మాట ఆమె రెండోసారి చదివేసరికి అజిత్ ఫోన్ తీసి ఫొటో కొట్టుకున్నాడు.

"ఇది పునాదిలోకి పోదు," అంది ఆరోగ్యమేరి. "మణవాళనగర్‌కీ పోదు. వాకిటి గోడలో నిలబెట్టు. అక్షరాలు వీధి తట్టు ఉండాల."

"ప్లాన్‌లో లేదు కదమ్మా."

"ఇల్లు ప్లాన్‌దా, నాదా?"

అజిత్ మేస్త్రీకి ఫోన్ చేయడానికి పక్కకు వెళ్ళాడు. మంజుకు ఊపిరాడింది. ఇన్నేళ్ళు గుడ్డలు బాదినా అక్షరాలు నిలిచాయంటే రాయి గట్టిదే అంది.

"రాయి గట్టిదేం కాదు," అంది ఆరోగ్యమేరి. "దాని మీద గుడ్డ పడి ఎన్నేండ్లయిందో."

అక్షరాలు అరిగిపోతున్నాయి, బాదొద్దమ్మా అని వరదరాజులు మొదట్లో బతిమాలాడట. మరి మా గుడ్డలు ఎవరు ఉతుకుతారు అని ఆమె అడిగిందట. అప్పటి నుంచీ వచ్చినప్పుడల్లా ఆయనే తొట్టి ముందు కూర్చుని, ఆ ఇంటి గుడ్డలన్నీ చేత్తో ఉతికి, జాడించి ఆరేసి, ఆ తర్వాతే రాతి దగ్గరికి పోయేవాడట. ఇంట్లో ఆయన తువ్వాలు కూడా ఎప్పుడూ మంజు అమ్మే ఉతికేది.

"మొదట్లో కాలర్లు రుద్దేది తెలియదు, పావం," అంది ఆరోగ్యమేరి. "చెప్పినాక బాగానే రుద్దినాడు."