వీరబ్రహ్మం గారి బల్లి

కడియంలో ఎవరింట్లో యూపీఎస్ పాడైనా వీరబ్రహ్మం గారు చెప్పే కారణం ఒక్కటే. బల్లి.

బ్యాటరీ ఉబ్బినా బల్లే. ఫ్యూజు మాడినా బల్లే. పెట్టె ఊరికే కీచుకీచుమన్నా బల్లే. ఒకసారి ఇంకా గృహప్రవేశం కూడా కాని కొత్త ఇంట్లో, సున్నం వాసన పోని గదిలో నిలబడి, బల్లే అన్నారు. ఆ ఇంటాయన తెల్లబోయి, "మేమే ఇంకా దిగలేదు కదండీ, బల్లి ఎలా దిగిందండీ?" అని అడిగాడు. "అది ముహూర్తం చూసుకోదు కదండీ" అన్నారు. ఆయన మాట పట్టుకుని లెక్కేస్తే మా కడియం నర్సరీల్లో మొక్కల కంటే బల్లులే ఎక్కువ ఉండాలి.

మనిషి సన్నగా, అరవై దాటి ఉంటారు. కళ్లజోడు పెట్టెలో టెస్టరు, స్క్రూడ్రైవరు దాచుకుంటారు. కళ్లజోడు మాత్రం చొక్కా జేబులో పడి గీతలు గీతలైపోయి ఉంటుంది. ఆ గీతల్లోంచే పెట్టె వెనక్కి టార్చి వేసి, మెడ బారెడు సాచి చూసి, నిట్టూర్చి, "పాపం, బల్లండి" అంటారు. ఆ బల్లిని చూసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

కంప్యూటర్లు నేర్పే విజయ్ పాల్ మాస్టారు ఒకసారి పట్టుబట్టారు.

"బల్లి ఏదండీ? చూపించండి."

"వెళ్లిపోయిందండి."

"పోనీ తోకైనా చూపించండి."

"తప్పు చేసినవాళ్లని నలుగురి ముందూ నిలబెడితే ఏం బాగుంటుంది మాస్టారూ? బల్లికి మాత్రం సిగ్గుండదా అండి?"

మాస్టారు ఎందుకో ఆ మాటతో చప్పబడిపోయి, కాఫీ తాగుతారా అని అడిగారు.

సూర్యకళకి ఈ బల్లి కబుర్లంటే ఒళ్లు మంట. ఆ అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంట్లో కూర్చునే ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తోంది. డాక్టరు గారు ఎప్పుడొస్తారు, స్కానింగుకి పరగడుపున రావాలా అని అడిగేవాళ్లకి చెవికి మైకు తగిలించుకుని జవాబు చెప్పాలి. నెల రోజుల్లో రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ యూపీఎస్ చతికిలబడింది, రెండుసార్లూ అవతల మనిషి మాట్లాడుతుండగా లైను తెగింది. పై అధికారి మేడమ్ మెత్తగానే చెప్పింది. "ఇంకొక్కసారి ఇలా అయితే ఇంటి నుంచి పని కుదరదు సూర్యకళా. ఆఫీసుకి వచ్చెయ్యాలి."

ఆఫీసంటే హైదరాబాదు. అంటే నాలుగేళ్ల పిల్లని, నర్సరీ మొక్కల్ని వదిలి రాలేని భర్త గణేష్‌బాబుని ఇక్కడ పెట్టి, తను అక్కడ హాస్టల్లో ఉండాలి. లేదంటే ఉద్యోగం మానెయ్యాలి. కరెంటు కాస్త మినుకుమంటే చాలు, సూర్యకళ గుండె కూడా మినుకుమనేది.

షాపువాళ్లు కొత్త బ్యాటరీ వేశారు. సాయంత్రం ప్లగ్గు పీకి చూస్తే పాతిక నిమిషాలు ఆగింది. అమ్మయ్య అనుకుంది. సెలవు రోజు పన్నెండు కావస్తుండగా కరెంటు పోయింది. పాతిక సెకన్లు కూడా ఆగలేదు.

"వీరబ్రహ్మం గారిని పిలుస్తాను" అన్నాడు గణేష్‌బాబు.

"ఆయనొస్తే బల్లంటారండి."

"అంటే అననీ. బాగు చేస్తారు కదా."

ఆయన వచ్చారు. పెట్టె అరుపులు ఫోనులో వినపడుతున్నాయని దాన్ని వంటింటి పక్క నడవలో పెట్టి, గోడకి కన్నం పెట్టి, వైరు గదిలోకి లాక్కుంది సూర్యకళ. వీరబ్రహ్మం గారు ఆ నడవలో గొంతుకు కూర్చుని విచారణ మొదలుపెట్టారు.

"ఎన్నింటికి పోతోందమ్మా?"

"పదకొండున్నర, పన్నెండు మధ్యండి."

"సాయంత్రాలు?"

"సాయంత్రం బాగానే ఉంటుందండి."

"భోజనం ఎన్నింటికి చేస్తారు?"

ఈయన భోజనానికి ఉండిపోయేలా ఉన్నాడని సూర్యకళ అనుకుంది. "పన్నెండున్నరకండి. నాకు అరగంటే ఖాళీ."

"వంట?"

"మా అత్తయ్యగారు చేస్తారండి."

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న అత్తగారు బుల్లెమ్మ, ఎందుకో ఒకడుగు వెనక్కి వేసింది. వీరబ్రహ్మం గారు టార్చి వేశారు. పెట్టె మీద తెల్లగా చారలు కట్టిన దాన్ని గోటితో గీకి వాసన చూశారు. లేచి, "అమ్మా, కాసిని మంచినీళ్లిస్తారా" అంటూ బుల్లెమ్మ వెనకే వంటింట్లోకి వెళ్లారు. ఆ మంచినీళ్లకి పది నిమిషాలు పట్టింది. సూర్యకళ బయట పళ్లు నూరుకుంటూ నిలబడింది.

మూతి తుడుచుకుంటూ వచ్చి తీర్పు చెప్పారు. "బల్లండి."

"అవునే అమ్మాయ్, బల్లే" అంది బుల్లెమ్మ గబుక్కున. "నేను కళ్లారా చూశాను."

వీరబ్రహ్మం గారి ఇన్నేళ్ల సర్వీసులో దొరికిన మొదటి సాక్షి తన అత్తగారే అయినందుకు సూర్యకళకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గణేష్‌బాబు మాత్రం పంచాంగం తీసి బల్లిపాటు పేజీ మీద వేలు పెట్టి వెతికాడు. "భుజం మీద పడితే రాశారు. మోకాలి మీద పడితే రాశారు. యూపీఎస్ మీద పడితే ఏంటో రాయలేదేంటండీ?"

"వచ్చే ఏడు రాస్తారు లెండి" అన్నారు వీరబ్రహ్మం గారు.

పెట్టె వెనక ఖాళీగా ఉన్న ప్లగ్గు కన్నాలన్నిటికీ టేపు అంటించారు. బల్లి దూరకుండానట. తర్వాత వంటింట్లోకి వెళ్లి, అక్కడ ఎప్పటినుంచో ఊగులాడుతున్న ప్లగ్గు పాయింటు తీసి కొత్తది బిగించారు.

"దీనికీ దానికీ సంబంధం ఏంటండీ?" అంది సూర్యకళ.

"అక్కడ సుఖంగా ఉంటే బల్లి ఇటు రాదమ్మా. ఇక కరెంటు పోయినప్పుడంటారా, గ్యాస్ పొయ్యి ఉండనే ఉంది."

బల్లికి గ్యాస్ పొయ్యి ఎందుకో సూర్యకళ అడగలేదు. అడిగితే దానికీ ఒక జవాబు ఉంటుంది.

చిత్రం ఏమిటంటే, ఆ రోజు నుంచి పెట్టె రాయిలా నిలబడింది. మూడు నెలల్లో ఎన్నిసార్లు కరెంటు పోయిందో, ఒక్కసారీ లైను తెగలేదు. మేడమ్ మెచ్చుకుని, అందరి ముందూ రెండు మాటలు చెబుదువుగాని, పన్నెండింటికి వీడియో మీటింగుకి రమ్మంది.

ఆ రోజు పదకొండు నలభైకి సూర్యకళ చీర చూసుకుంటే అన్నీ ముడతలే. గదిలో ప్లగ్గులన్నీ నిండి ఉన్నాయి. పరుగున నడవలోకి వెళ్లి, యూపీఎస్ వెనక టేపు పీకి, ఇస్త్రీపెట్టె గుచ్చింది. కొంగు సగం అయ్యేసరికి కరెంటు పోయింది. పెట్టె ఒక్క కేక పెట్టి ఊరుకుంది. నిమిషంలో కరెంటు వచ్చింది గానీ పెట్టె మాత్రం రాలేదు. మీట నొక్కినా లేదు, తట్టినా లేదు.

ఫోను అందుకుంది. "వీరబ్రహ్మం గారండీ, చచ్చిపోయిందండీ. పన్నెండింటికి కంప్యూటర్లో కనపడకపోతే నా ఉద్యోగం..."

ఎనిమిది నిమిషాల్లో వచ్చారు. స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి చేర్చి లోపలికి వచ్చారు. అప్పటికే గణేష్‌బాబు, బుల్లెమ్మ నడవలో నిలబడి ఉన్నారు. సూర్యకళకి అప్పుడు గుర్తొచ్చింది. ఇస్త్రీపెట్టె అక్కడే ఉంది. దాని వైరు యూపీఎస్‌కే గుచ్చి ఉంది.

వీరబ్రహ్మం గారు ఇస్త్రీపెట్టె వంక చూశారు. సగం ముడతలున్న కొంగు వంక చూశారు. ముందుకి ఒరిగి, ఒళ్లు అడ్డం పెట్టి వైరు పీకి, ఇస్త్రీపెట్టెని కాలితో మెల్లిగా బీరువా చాటుకి తోశారు. పెట్టె వెనక చిన్న నల్ల బొత్తాం పైకి లేచి ఉంది. వేలితో నొక్కారు. పెట్టె పలికింది. కంప్యూటరు వెలిగింది.

"ఏమైందండీ?" అన్నాడు గణేష్‌బాబు.

నిట్టూర్చి, "పాపం, బల్లండి" అన్నారు.

సూర్యకళ పదకొండు యాభై ఎనిమిదికి మీటింగులో కనపడింది. సగం ముడతల కొంగుని కెమెరాకి అందకుండా పట్టుకుని రెండు మాటలు చెప్పింది. ఏం చెప్పిందో తనకే గుర్తులేదు. బుర్ర నిండా బల్లే ఉంది.

బయటికి వచ్చేసరికి ఆయన వెళ్లిపోయారు. బుల్లెమ్మ ఇస్త్రీపెట్టెకి వైరు చుడుతోంది.

"అత్తయ్యా, మీది ఏ బల్లి?"

బుల్లెమ్మ తల ఎత్తలేదు. "నాది రైస్ కుక్కరు బల్లి. ఆ పెట్టెలో కరెంటు పోదన్నారు కదా. పన్నెండున్నరకల్లా నీకు వేడన్నం పెట్టాలి కదా. ఆ బరువు మొయ్యలేక నీ లైనే పోతుందని నాకేం తెలుసు? కుక్కరు ఆగిపోగానే వైరు పీకి, గిన్నె పొయ్యి మీద పెట్టేసేదాన్ని."

"చెప్పుంటే నేనేమైనా అనేదాన్నా?"

"అనేదానివే."

సూర్యకళ ఆలోచించింది. నిజమే. ఆ భయంలో, ఆ కోపంలో అనేదే. అన్నాక వెనక్కి తీసుకోలేని మాటే అనేది. ఆ మాట తన నోట్లోంచి రాకుండా ఒక పెద్దమనిషి బల్లిని అడ్డం పెట్టాడు. ఇవాళ మళ్లీ తన కోసం అదే బల్లిని తెచ్చాడు. విజయ్ పాల్ మాస్టారు ఆ రోజు కాఫీ ఎందుకు ఇచ్చారో కూడా ఇప్పుడు తెలిసింది. ఊరు ఊరంతా ఆయన బల్లుల చాటునే పరువుగా బతుకుతోంది.

"రేపు ఆయన్ని భోజనానికి పిలుద్దామండి అత్తయ్యా."

"పనసపొట్టు కూర చేస్తాను. కుక్కరు మాత్రం నువ్వు పెట్టు" అంది బుల్లెమ్మ.

మర్నాడు ఆయన వచ్చేసరికి యూపీఎస్ చుట్టూ ఆరు నెమలీకలు, దారానికి గుచ్చిన కోడిగుడ్డు డొల్లలు వేలాడుతున్నాయి. అవి ఉంటే బల్లులు రావని ఎవరో చెబితే గణేష్‌బాబు పొద్దున్నే కట్టాడు. అత్తాకోడళ్లిద్దరూ చూశారు. ఇద్దరూ మళ్లీ వంటపనిలో పడ్డారు.

"ఎలా ఉందండీ?" అన్నాడు గణేష్‌బాబు గర్వంగా.

వీరబ్రహ్మం గారు గీతల కళ్లజోడు పెట్టుకుని, నెమలీకల్ని ఒక్కొక్కటే పరీక్షగా చూశారు. అత్తగారి వంక, కోడలి వంక ఒకసారి చూసి, విస్తరి ముందు కూర్చున్నారు.

"చాలా మంచి పని చేశారండి. ఇక ఆ రెండూ రావు."