పాలకేంద్రం ఆట

పలమనేరు దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని నేను. పసిపిల్లలకు ఆటల్లోనే చదువు చెప్పాలని ట్రైనింగులో మాకు నూరిపోశారు. ఊరికి మాత్రం అది చదువులా కనిపించదు. పొద్దస్తమానం ఆడించేదానికి జీతం కూడానా అని నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. ఏదో ఒకరోజు వీళ్ల నోళ్లు మూయించాలనుకునేదాన్ని.

నాలుగేళ్ల పిల్ల ఒకతె మా దగ్గర చేరి ఆరు నెలలైనా నోరు విప్పలేదు. ఇంట్లోనూ అంతేనని తల్లి కళ్లనీళ్లు పెట్టుకునేది. తన పిల్ల మూగదైపోతుందేమోనని ఆమె మొక్కని దేవుడు లేడు.

ఊళ్లో ఇంటింటా ఆవులే. అందుకని ఒక మూల పాలకేంద్రం ఆట పెట్టాను. బకెట్లో నీళ్లే పాలు. ఆ పాలు మంచివో కావో చూడ్డానికి ఒక ఐస్‌క్రీం పుల్ల. చెంబులు పట్టుకుని పిల్లలు వరసలో నిలబడేవాళ్లు. రెండో వారం ఆ పిల్ల కూడా వచ్చింది. సగం చెంబు పాలు ముంచుకుంది, వరసలోకి రాకుండా కొళాయి దగ్గరికి పోయి చెంబు నింపుకుంది. నన్ను చూసి దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది.

"నాయన మాదిరి నీళ్లు పోసినా. ఎవురికీ చెప్పొద్దు."

నేను ఆ పిల్లను ఎత్తుకుని ఏడ్చేశాను. మాట్లాడిందన్న సంతోషంలో ఏం మాట్లాడిందో పట్టించుకోలేదు.

ఆ వారమే తల్లుల మీటింగు. ఆటతో ఏమొస్తుందన్న వాళ్లంతా ఎదురుగా కూర్చున్నారు. ఇంకేం, నా గొప్ప చెప్పుకునే సమయం వచ్చింది. చెంబు పట్టుకుని ఆ పిల్లలా నడిచి చూపించి, ఆ మాట ఆ గొంతుతోనే చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ పిల్ల తల్లి ఒక్కతే నవ్వలేదు. నవ్వినవాళ్లలో పాలకేంద్రం నడిపే మనిషి భార్య కూడా ఉంది. అప్పుడుగానీ నాకు బుర్ర పనిచేయలేదు.

మరునాడు పొద్దున పాలకేంద్రంలో వరసలో అందరి ముందరా ఆ పిల్ల వాళ్ల పాలక్యాను వెనక్కి పంపారు. తండ్రి ఇంటికొచ్చి పిల్లను నోటిమీద కొట్టాడని మా ఆయా చెప్పింది.

సాయంత్రం వాళ్లింటికి పోయాను. తల్లి పేడ ఎత్తుతోంది, తల ఎత్తలేదు. అంతవరకు నన్ను మీరు అనే మనిషి.

"బిడ్డకు మాటలొస్తాయని నీ కాడికి పంపిస్తిమి. వచ్చిన ఒక్క మాటా నువ్వు ఊరికి పంచినావు."

తప్పయిందన్నాను.

ఇద్దరూ పనులకు పోవాలి కాబట్టి పదిరోజులకు పిల్లను మళ్లీ పంపారు. అక్షరాలు దిద్దించు, ఆటలోకి మాత్రం పిలవొద్దు అని తల్లి గట్టిగా చెప్పి పోయింది. అయినా ఒకటి రెండుసార్లు బొమ్మలు చూపించి పిలిచాను. అరచేత్తో నోరు మూసుకుని గోడవైపు తిరిగింది. మళ్లీ పిలిచే ధైర్యం నాకు లేకపోయింది.

మొన్న సూపర్‌వైజర్ వచ్చింది. పిల్లలు గోలగా ఆడుకుంటుంటే, ఆ పిల్ల పలక నిండా 'అ' రాసుకుంటూ కూర్చుంది.

"ఈ పాపను చూడండి, ఎంత బుద్ధిగా ఉండాదో. మిగతావాళ్లనూ ఇట్లా తయారుచేయండి" అంది.

సరే మేడం అన్నాను. ఆ మాట పిల్లకూ వినపడింది. పలక మీదికి ఇంకా వంగి రాయసాగింది.