వెయిటింగ్ రూము నుంచి ఎక్స్‌రే సర్వరుకు

మొన్న కళ్ళ పరీక్షకని వెళ్ళి వెయిటింగ్ రూములో కూర్చున్నాను. శానిటైజర్ వాసన, కొత్త కార్పెట్ జిగురు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. గోడ మీద వైఫై పాస్‌వర్డ్ కాగితం అతికించి ఉంది. ఎదురుగా ఎవరో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని టైపు చేసుకుంటున్నాడు. ఒక్కసారిగా లేచి వెళ్ళిపోదామనిపించింది. కళ్ళకేమవుతుందోనన్న భయం కాదది. ఇక్కడే టెక్సస్‌లో, ప్లేనోలో, అచ్చం అలాంటి గదిలోనే, చాలా ఏళ్ళ కిందట, నేను చూడకూడనిది చూశాను. వెళ్ళి కూర్చోమని నన్ను పంపింది విమల గారు. ఆవిడ పేరు మీరు వినే అవకాశం లేదు. వినిపించకుండా చేసినవాళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. హనుమకొండలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. అన్నయ్య స్పాన్సర్ చేస్తే, గ్రీన్ కార్డు చేతికొచ్చి ఈ దేశంలో దిగేసరికి తల నెరిసింది. గ్రోసరీ స్టోరులో డబ్బాలు సర్దుతూనే, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పాత నెట్‌వర్క్ స్విచ్‌లు కొనుక్కొచ్చి గరాజ్‌లో పెట్టుకుని, మాన్యువల్ చదువుతూ ఆ విద్య నేర్చుకున్నాను. డిగ్రీ లేదనగానే ఇంటర్వ్యూల్లో అందరూ ఇక వెళ్ళమన్నట్టు మర్యాదగా లేచి నిలబడేవారు. చివరికి ఒక తెలుగు డాక్టరు గారి క్లినిక్కుల్లో ఉద్యోగం ఉందంటే వెళ్ళాను. అక్కడ నెట్‌వర్క్ అంతా చూసేది విమల గారు. గుంటూరు మనిషి. వయసులో నాకంటే చాలా చిన్న.

"డిగ్రీ ఏదని అడగరా?" అన్నాను, కూర్చోకముందే తగువుకు సిద్ధపడి.

"నేనడిగేది ఒకటేనండీ. మీరు చేసిన పనిలో తప్పుంటే మీకెలా తెలుస్తుంది?"

"ఏముందమ్మా, ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతరు."

ఆవిడ నవ్వలేదు. "తిట్టేదాకా ఆగే అలవాటు నా దగ్గర కుదరదు. సోమవారం రండి రాజయ్య గారూ, మాన్పిస్తాను."

అప్పటిదాకా ఆ క్లినిక్కులో అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉండేవి. ఫ్రంట్ డెస్కు, డాక్టర్ల గదులు, రోగుల ఎక్స్‌రేలు దాచే సర్వరు, వెయిటింగ్ రూము వైఫై, అన్నీ కలిపి గోడల్లేని హాలులాగా. విమల గారు దాన్ని వీలాన్‌లుగా విడగొట్టించారు. వీలాన్ అంటే స్విచ్‌లోనే కట్టిన గది అనుకోండి. ఒక గదిలోని యంత్రానికి పక్క గదిలోది ఉన్నట్టే తెలియదు. కానీ ఫ్రంట్ డెస్కుకు డాక్టరు గదితో పని పడుతుంది కదా. అందుకని ఒక్కో వీలాన్‌కి స్విచ్‌లో ఒక అడ్రసు ఇచ్చి, వాటి మధ్య దారి చూపే రూటింగ్ ఆన్ చేయాలి. అది నా చేత చేయించారు. రూటింగ్ ఆన్ అయిందంటే స్విచ్ అన్ని దారులూ తెరిచేస్తుంది. ఎవరు ఎటు పోకూడదో రూల్స్ పెట్టి ఆపాలి. ఆ రూల్స్ మాత్రం ఆవిడే స్వయంగా పెట్టారు.

"పింగ్ అన్ని చోట్లకూ పోతుందమ్మా, ఇగ అయిపోయినట్టే" అన్నాను, ప్రతి యంత్రాన్నీ పలకరించే పరీక్ష సంకేతాలు పంపి చూసి.

"పోవాల్సిన చోటికి పోతే సగం పనేనండీ. పోకూడని చోటికి పోవట్లేదని ఎవరు చూస్తారు? లాప్‌టాప్ తీసుకుని వెయిటింగ్ రూములో కూర్చోండి. మన ఉద్యోగిలా కాదు. అపాయింట్‌మెంట్ ఆలస్యమై విసుగెత్తినవాడిలా కూర్చుని, ఎందాకా పోగలరో చూడండి."

ప్రతి నెలా ఆ పరీక్ష చేయించేవారు. ప్రతిసారీ వైఫై నుంచి నాకు ఏ దారీ దొరికేది కాదు. ఇదేం చాదస్తమని లోలోపల విసుక్కునేవాణ్ణి కూడా. ఆ రోజూ అలాగే కూర్చున్నాను. పక్కన ఒకావిడ దగ్గుతున్న పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంది. ఎక్స్‌రే సర్వరు అడ్రసు కొట్టాను. తెర నల్లబడి, మెల్లగా ఒక మనిషి పక్కటెముకలు తేలాయి. ఊపిరితిత్తిలో తెల్లటి మచ్చ. పైన పూర్తి పేరు, పుట్టిన తేదీ. ఆ మనిషెవరో నాకు తెలియదు. బహుశా ఆ మచ్చ సంగతి ఆ మనిషికే ఇంకా తెలియదేమో. చటుక్కున లాప్‌టాప్ మూసేశాను. పక్కావిడ "ఆర్ యూ ఓకే, సర్?" అని అడిగింది. తలూపి, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని విమల గారి దగ్గరికి నడిచాను.

విమల గారు స్విచ్‌లోకి లాగిన్ అయి చూశారు. రూల్స్ ఒక్కొక్కటే పైనుంచి కిందికి చదివారు. "నా రూల్ లేదండీ ఇక్కడ. ఎవరో తీసేశారు." వెంటనే మళ్ళీ పెట్టి, స్విచ్ పాస్‌వర్డ్ మార్చి నాకు మాత్రం చెప్పారు. కాఫీ చల్లారేలోపే క్లినిక్కుల యజమాని, పెద్ద డాక్టరు కేశవరావు గారు మా ఇద్దర్నీ పిలిపించారు.

"విమలా, ఏం చేశావమ్మా? డాక్టర్లు తమ లాప్‌టాప్‌లలో ఎక్స్‌రేలు రావట్లేదని నా మీద పడుతున్నారు. వాళ్ళు వాడేది ఆ వైఫైయే. ఆ రూల్ నేనే బయటివాళ్ళను పిలిచి తీయించాను."

దొంగ ఎవడోనని వెతకబోతుంటే, ఇంటాయనే తలుపు తీసిపెట్టానంటున్నాడు.

"డాక్టర్లకు విడిగా ఒక వీలాన్ వేస్తానండీ, వారం టైమివ్వండి. అందాకా గదుల్లో ఉన్న కంప్యూటర్లలో చూడొచ్చు."

"ఆ గదిలో కూర్చునేది జలుబూ జ్వరం వాళ్ళమ్మా, హ్యాకర్లు కాదు."

"రాజయ్య గారు హ్యాకరా అండీ? ఆయనకు కనపడింది."

కేశవరావు గారు కుర్చీలో వెనక్కి వాలి, గొంతు బాగా తగ్గించారు. "నీ గ్రీన్ కార్డు పేపర్లు నేను ఎప్పుడైనా ఆపానా? మనవాళ్ళమనే కదా చేస్తున్నాను. నువ్వూ కాస్త సర్దుకోవాలి."

ఇంటికో వంట తెచ్చుకునే పాట్‌లక్కుల్లో అందరికీ తన చేత్తో పులిహోర వడ్డించే మనిషి ఆ మాటన్నాడు. విమల గారు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు. ఆ రోజుల్లో ఉద్యోగం పోయిన రోజే ఈ దేశంలో ఉండే వీలూ పోయేది. భర్త ఆవిడ వీసా మీదే డిపెండెంటు. కూతురు మిడిల్ స్కూల్లో ఉంది. ఇవన్నీ ఆయనకు తెలుసు.

"తెరవాలంటే ఇంకెవరిచేతైనా తెరిపించండి. నా చేత్తో తెరవను" అన్నారావిడ.

ఆ వారం దాటకుండానే ఆవిడ బ్యాడ్జి తీసేసుకుని ఉద్యోగం మాన్పించారు.

నన్ను ఇంకా నివ్వెరపరిచింది మనవాళ్ళు. ఒక బర్త్‌డే పార్టీలో ఒకాయన ప్లేటు పట్టుకుని నా పక్కకొచ్చాడు. "ఆవిడకెందుకండీ అంత పట్టుదల? మనవాడి దగ్గరే కదా జాబు."

"మనవాడైతే మన ఎక్స్‌రేలు ఊరంతా చూపిస్తడా?" అన్నాను. ఆయన బిర్యానీ వేడిగా ఉందో లేదో చూసొస్తానని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

మరునాడు విమల గారికి ఫోన్ చేశాను. వెనకాల అట్టపెట్టెలకు టేపు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. "రేపు పోయి నా బ్యాడ్జి ఆయన మొహాన కొట్టొస్తనమ్మా" అన్నాను.

"ఆ పని మాత్రం చేయకండి."

"ఎట్ల ఉండమంటవు ఆ మనిషి దగ్గర?"

"మీరు వెళ్తే ఆ స్విచ్ ఇంకొకరి చేతికి పోతుంది. వాళ్ళు తెరుస్తారు. మీకు గ్రీన్ కార్డుంది, తెరవనని చెప్పి కూడా ఈ ఊళ్ళో ఉండగలరు. నాకా వీల్లేకపోయింది." మళ్ళీ టేపు లాగిన చప్పుడు. "కోపమొస్తే లేచి పోవడం తేలికండీ. లోపల కూర్చుని కోప్పడండి."

ఇల్లు సర్దుకుంటున్న మనిషి, ముక్కూ మొహం తెలియని రోగుల కోసం నన్ను కాపలా పెడుతోంది.

ఉండిపోయాను. తెరవమని కేశవరావు గారు అడిగితే, కావాలంటే నన్నూ తీసేయమన్నాను. ఆ స్విచ్‌లో దారులు, దాని కొత్త పాస్‌వర్డ్ తెలిసినవాడు ఇంకెవరూ లేరు గనక నన్ను తీయలేదు. విమల గారు గీసిపెట్టిన పద్ధతిలోనే డాక్టర్లకు విడిగా వీలాన్ వేసి, దాన్నుంచి మాత్రమే ఎక్స్‌రేలకు దారి ఇచ్చాను. పట్టింది వారమే. స్టాఫ్ మీటింగులో కేశవరావు గారు నన్ను లేపి నిలబెట్టి, అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

"ఇది విమల మేడమ్ డిజైను సార్. ఆమె మిమ్మల్ని అడిగిన వారం ఇదే" అన్నాను, అందరికీ వినపడేలా.

చప్పట్లు ఆగిపోయాయి. ఆయన కాఫీ కలుపుకుంటూ, "తెలివైన పిల్లేలెండి, సర్దుకుపోవడమే రాదు" అన్నాడు. సిగ్గుతో ఆ చెంచా ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు.

విమల గారికి ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో, వీసా ఇప్పించే కంపెనీ ద్వారా కాంట్రాక్టు దొరికింది. గ్రీన్ కార్డు మళ్ళీ మొదటినుంచి మొదలైంది. నేను రిటైరయ్యేదాకా ఆ క్లినిక్కులోనే ఉన్నాను, ఆ మనిషికి రోజూ గుడ్ మార్నింగ్ చెబుతూ, నెలనెలా వెయిటింగ్ రూములో కూర్చుంటూ. ఇప్పటికీ గుడి కమిటీలోనో, అసోసియేషన్ మీటింగులోనో పెద్దమనుషులు కూడబలుక్కుని ఏదైనా అన్యాయం చేయబోతే, పోదామని కుర్చీ వెనక్కి నెట్టి లేస్తాను. సగం లేచి, మళ్ళీ కూర్చుంటాను. పక్కవాళ్ళు మోకాళ్ళ నొప్పనుకుంటారు.