జాగిలం మా గుమ్మం ముందు కూర్చున్న రోజు

మొన్న వానలో సికింద్రాబాద్ స్టేషన్లో బండి కోసం నిలబడి ఉంటే, తడిసిన కుక్క బొచ్చు వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. పోలీసు జాగిలం ఒకటి వరసగా సంచులన్నీ వాసన చూసుకుంటూ వచ్చి, నా సంచి దగ్గర కాసేపు ఆగి, ముందుకు పోయింది. నాకు భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. వేళ్లు మాత్రం మొద్దుబారాయి. ఆ మొద్దుబారడం నాకు తొమ్మిదో ఏటి నుంచీ తెలుసు.

మాది నారాయణఖేడ్. చాకలి పని. మా నాయిన ఇరవై ఇండ్లకు గుడ్డలు ఉతికేవాడు. దసరా ముందు మా వాకిలి నిండా మూటలే. బానలో చౌడునీళ్లు ఉడుకుతుంటే లేచే ఆవిరీ, ఇస్త్రీపెట్టెలో రాజుకునే బొగ్గుల వాసనా, ఏ గుడ్డ ఏ ఇంటిదో తెలియడానికి జీడిగింజ రసంతో పెట్టే నల్లటి గుర్తులూ, వీటి మధ్య మాకు కాళ్లు చాపుకునే చోటు ఉండేది కాదు. గుడ్డలు ఎవరూ ఎంచి ఇచ్చేవాళ్లు కాదు, మేమూ ఎంచి తెచ్చేవాళ్లం కాదు. సద్దుల బతుకమ్మ నాడు అవ్వ, అంటే మా అమ్మ, గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఒకరింటి బెల్లం మలీద, ఇంకొకరింటి నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర ఒకదాని మీద ఒకటి పడి, తీపేదో పులుపేదో తెలియని రుచి వచ్చేది. అంతకంటే మంచి తిండి నేను మళ్లీ తినలేదు. చెబితే నా పిల్లలు నవ్వుతారు.

ఆ యేడు సద్దుల సాయంత్రమే, అందరూ బతుకమ్మలతో పోయినప్పుడు, కిరాణా సేటింట్లో దొంగతనం జరిగింది. సేటమ్మ గుండ్ల హారం పోయింది. హారం చుట్టి దాచిన దుప్పటి పెరట్లో పడి దొరికింది. మర్నాడు జీపులో పట్నం నుంచి కుక్క వస్తోందని తెలిసి, పోలీసులొస్తే ఇల్లు గలీజుగా ఉంటే ఎట్లా అని, సేటమ్మ పొద్దున్నే ఇల్లూ పెరడూ పేడతో అలికించి ముగ్గు పెట్టించింది. దొంగ కాలిజాడ ఉంటే గింటే దాని కిందే పోయింది.

కుక్క పేరు రోజీ. దాన్ని తెచ్చిన పోలీసాయన బక్కపలచటి మనిషి. దిగగానే ముందు దానికి నీళ్లు తాగించి, పాదాల్లో ముళ్లున్నాయేమో వేలితో తడిమి చూసి, ఆ తర్వాతే సేటు వైపు తిరిగాడు. ఎవరో సకినం ముక్క విసిరితే అది ముట్టలేదు. ఆయన చేతి నుంచి తప్ప తినదట. అలికిన ఇల్లు చూసి ఆయన నుదురు కొట్టుకున్నాడు.

“ఏం పని జేసినవమ్మా! ఇగ గిది దేన్ని పసిగట్టాలె?”

మిగిలింది దుప్పటే. దాన్నే వాసన చూపించాడు. రోజీ బజారు దాటి, మసీదు పక్కగా ఉరికింది. ఊరంతా దాని వెనక, ఆ గుంపులో నేనూ. అది మా సందులోకి తిరిగినప్పుడు కూడా నాకు సంబరమే. మా ఇల్లు కూడా చూస్తుంది కదా అనుకున్నాను. అది నేరుగా పోయి, ఇస్త్రీ చేస్తున్న నాయిన చేయి వాసన చూసి, ఆయన ముందు కూర్చుంది.

“దొరికిండు! దొంగ దొరికిండు!” అని గుంపు అరిచింది.

పోలీసాయన దుప్పటి అంచు తిరగేసి జీడి గుర్తు చూశాడు.

“గీ దుప్పటి ఉతికిందెవరు?”

“నేనే సారూ. మొన్ననే ఇస్తిరి జేసి ఇచ్చిన.”

“అరే, ఉతికినోని చేతి వాసనకొచ్చింది గిది! దొంగ అని చెప్తలేదు!” అని ఆయన గుంపు మీద అరిచాడు. ఎవరు వింటారు? వాళ్లకు కావలసింది దొరికింది.

నాయినను స్టేషనుకు తీసుకుపోయి, అడిగేది అడిగి, సాయంత్రానికి వదిలేశారు. ఎవరూ కొట్టలేదు. కానీ ఆ లోపే ఇరవై ఇండ్ల వాళ్లూ వచ్చి ఎవరి మూట వాళ్లు, తడివి తడిగానే, తీసుకుపోయారు. నాయిన వచ్చి చల్లారిన ఇస్త్రీపెట్టెలో మళ్లీ బొగ్గులు వేశాడు. చేయడానికి గుడ్డల్లేవు. అవ్వ గంపతో పోయి ఖాళీగా తిరిగొచ్చింది.

“పండుగ నాడు ఒక్కింట్ల గూడ వండలేదంట,” అంది. అందరం జొన్న గటక తాగి పడుకున్నాం.

“నాయినా, గా కుక్క అబద్దం జెప్పిందా?” అని అడిగాను.

“లేదు బిడ్డా. అది నా చెయ్యిని గుర్తువట్టింది. గంతే.”

జొన్నలు కోతకొచ్చే దాకా మా వాకిట్లోకి మూట రాలేదు. అప్పుడు హారం బీదర్లో దొరికింది. తీసింది సేటు బామ్మర్దే. సేటు తనే మూట మోసుకొచ్చి గడప దగ్గర దించాడు.

“అయిందేదో అయింది తియ్. ఇగ పని జూస్కో.”

నాయిన ఆ మూట సేటు మొహాన కొడతాడని నేను కాచుకుని ఉన్నాను. నాయిన మెల్లగా ముడి విప్పాడు.

“ఎంచు సేటూ.”

“ఏందిరా, నీ మీద నాకు నమ్మకం లేదా?”

“ఎంచు. నా ముంగట ఎంచు.”

సేటు కింద కూర్చుని ధోవతులూ చీరెలూ ఒక్కొక్కటే ఎంచాడు. ఆ తర్వాత చేతులాడినన్నాళ్లూ నాయిన ఎంచకుండా ఏ ఇంటి మూటా ముట్టలేదు. నాకు సంతోషం కలగాలి. ఏమీ కలగలేదు.

నాయిన గుడ్డలు ఉతికిన రేవు ఇప్పుడు లేదు, అక్కడ ఇండ్లు లేచాయి. నాయినా లేడు. మా అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ చేసే ఆమె మూట అందుకుంటూ రోజూ “ఎన్నున్నయో ఎంచు అక్కా” అంటుంది. నేను ఎంచను. మూట ఆమె చేతిలో పెట్టి, లోపలికి వచ్చి తలుపు వేసుకుంటాను.