గడప పసుపు, మూడో నెంబరు జెర్సీ

శ్రావణ శుక్రవారం నాడు పొద్దున్నే శశికళ వాషింగ్ మెషీన్ మూత తీసి చూస్తే, హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టు తెల్ల జెర్సీలన్నీ కనకాంబరం రంగులో ఉన్నాయి. అన్నిటికంటే అడుగున, ముందురోజు సాయంత్రం గడపకి పసుపు రాసిన పాత తువ్వాలు ముక్క ఉంది. శశికళ ఆ గుడ్డని తీసి, పిండి, పక్కన పెట్టి, మూత వేసి, వెళ్ళి కాఫీ తాగింది.

తాగాక మళ్ళీ మూత తీసింది. రంగు అదే.

మిషిగన్‌లో, ట్రాయ్‌లో, మా ఎదురిల్లే వాళ్ళది. మా అందరి ఇళ్ళ గడపలూ అల్యూమినియం రేకువే, వాటికి పసుపు పట్టదు. శశికళ ఆ సంగతి ఒప్పుకోదు. రాస్తుంది, జారిపోతుంది, తుడిచి మళ్ళీ రాస్తుంది. గడపకి పట్టని పసుపంతా ఆ గుడ్డకి పట్టింది. గుడ్డ ఎలా వెళ్ళి జెర్సీల్లో పడిందో మాత్రం ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

అసలు స్కూలు జెర్సీలు ఈవిడ ఇంట్లో ఎందుకున్నాయంటే, వాళ్ళమ్మాయి ఆద్య ఆ జట్టులో కిక్కర్. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తడం. కాలితో తన్నే పని ఒకరిద్దరిదే. ఆద్య నిరుడంతా బెంచీ మీద కూర్చుంది. ఈ ఏడు మొదటి మ్యాచ్ నుంచీ తన్నేది తనే అని కోచ్ మాటిచ్చాడు. ఆ మొదటి మ్యాచ్ ఆ శుక్రవారమే, పక్క ఊళ్ళో.

నిరుడు ఇంకెవరో తల్లి ఉతికి తెచ్చిన జెర్సీల మీద గడ్డి మరకలు చూసి శశికళ ముఖం చిట్లించింది. "ఇదీ ఒక ఉతుకుడేనా?" అని నాతో తెలుగులో అని, "ఐ విల్ డూ ఇట్" అని కోచ్‌తో ఇంగ్లీషులో అంది. డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగం, ఇంట్లో వంటా వార్పూ, వాటి మీద ఇదొకటి. ఆట ఇప్పటికీ అర్థం కాదు. అందరూ చప్పట్లు కొడుతుంటే "మనవాళ్ళకా, వాళ్ళకా?" అని అడిగి కొడుతుంది. జెర్సీ రూల్స్ మాత్రం నిద్రలో లేపినా చెబుతుంది. సొంత ఊళ్ళో ఆడేవాళ్ళు ముదురు రంగు, వచ్చినవాళ్ళు తెలుపు. నెంబరు ముందు ఎనిమిది అంగుళాలు, వెనక పది. అంకె అంతా ఒకే రంగులో ఉండాలి, బట్ట రంగుకి స్పష్టంగా వేరుగా కనిపించాలి. చుట్టూ వేసిన అంచు లెక్కలోకి రాదు.

సెలవులింకా అయిపోలేదు గనక ఆద్య ఇంట్లోనే ఉంది. మెట్లు దిగి వచ్చి మెషీన్‌లోకి చూసింది.

"అమ్మా, వైట్ వేసుకోవాలి ఇవాళ. ఇది వైట్ కాదు. ఇది ఆరెంజ్ చికెన్."

"శుక్రవారం పూట ఆ పేరెత్తకు."

"నా ఫస్ట్ గేమ్ అమ్మా ఇది!"

"తెలుసు. వెళ్ళి తలంటుకో."

ఇంతలో వాళ్ళాయన ఆంజనేయప్రసాద్ వచ్చాడు. కార్ల సీట్లు డిజైన్ చేసే మనిషి, దేనికైనా ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంటుంది. "బ్లీచ్ పోసెయ్ శశీ, పది నిమిషాల్లో మల్లెపువ్వులే."

"అంకెలు కూడా మల్లెపువ్వులే అవుతాయండీ. తెల్ల జెర్సీ మీద తెల్ల నెంబరు. మైదానం నిండా దయ్యాలు తిరుగుతున్నాయనుకుంటాడు రిఫరీ."

ఆయన తన ఉపాయం తీసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

శశికళ కోచ్ హార్లన్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. సొంత ఊళ్ళో ఆడేటప్పుడు వేసుకునే మెరూన్ జెర్సీలు ఉన్నాయి గానీ, అవతలివాళ్ళదీ ముదురు నీలం. రెండు జట్లూ ముదురైతే రిఫరీ ఊరుకోడు. ఇక మిగిలిన దారి, వాళ్ళ కోచ్ దగ్గరికి వెళ్ళి వాళ్ళ తెల్ల జెర్సీలు అరువడగడం.

"ఆ మనిషిని అడగడం కంటే నేను రిటైరైపోతాను. పైగా ఆ నెంబర్లు వేరు, సైజులు వేరు. నీ కూతురి సైజుది దొరక్కపోతే తనని ఆడించలేను, శశీ," అన్నాడు హార్లన్.

"బస్సు నాలుగింటికి కదా?"

"అవును."

"నాలుగింటికి తెల్లవి ఇస్తాను," అని ఫోన్ పెట్టేసింది.

పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందనీ, పులుపు తగిలితే మళ్ళీ పసుపవుతుందనీ, ఎండకి పారిపోతుందనీ పెళ్ళిళ్ళలో చీరలు పాడు చేసుకున్న మనందరికీ తెలిసిందే. పులిహోరకని తెచ్చిన నిమ్మకాయలన్నీ టబ్బులో పిండేసింది. కనకాంబరాలు కాస్తా చామంతులయ్యాయి. ఇక కావలసింది ఎండ. పెరట్లో మేపుల్ చెట్ల నీడ. ఎండ పడేది ఇంటి ముందు లాన్ మీదే. అక్కడ తాడు కట్టి బట్టలు ఆరేయకూడదని మా కాలనీ అసోసియేషన్ రూలు.

"తాడు ఎవరు కడుతున్నారు?" అని శశికళ జెర్సీలు గడ్డి మీదే పరిచింది. వీధిలో వెళ్ళే కార్లు మా ఇళ్ళ ముందు నెమ్మదించి మరీ వెళ్ళాయి. హార్లన్ కూడా ఉండబట్టలేక వచ్చాడు. కారు దిగకుండానే తల బయటికి పెట్టాడు.

"పొద్దున ఆరెంజ్ అన్నావు. ఇప్పుడు పసుపా?"

"దారిలో ఉన్నాయి, కోచ్," అంది. నైవేద్యానికి తీసిపెట్టగా మిగిలినవాటిలోంచి రెండు పూర్ణాలు చేతిలో పెట్టి పంపేసింది.

వ్రతం చేసుకుంది. కథ చదువుతున్నంతసేపూ ఓ కన్ను కిటికీ మీదే. మధ్యాహ్నం చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళమంతా పేరంటానికి వెళ్ళేసరికి ఆకాశంలో ఓ మబ్బు వచ్చి కదలకుండా కూర్చుంది. మొదటిసారి శశికళ ముఖంలో రంగు మారింది. తాంబూలం పళ్ళెం నా చేతిలో పెట్టి వాకిట్లో నిలబడిపోయింది. లోపల ఆద్య మెట్ల మీద కూర్చుని, కాళ్ళకి రాసిన పసుపు చూసుకుంటోంది.

మబ్బు కదిలింది. కదిలేసరికి ఇంటి నీడ లాన్ మీదికి సగం జరిగింది.

"పదండి, మీ లాన్ మీదికి!" అంది శశికళ నాతో.

పట్టుచీరల కుచ్చిళ్ళు పైకి దోపుకుని, తలో నాలుగు జెర్సీలూ పట్టుకుని రోడ్డు దాటాం. చెంబుతో నీళ్ళు చిలకరించడం, తిరగెయ్యడం, మళ్ళీ చిలకరించడం. అందరిలోకీ పెద్దావిడ సుబ్బులుగారు డెబ్భై ఆరో నెంబరు మీద నీళ్ళు చల్లుతూ, "ఇది మనిషి చొక్కానా, మంచం దుప్పటా?" అన్నారు. తర్వాత, "ఏమ్మా, మీ పులిహోరలో పులుపేదీ?" అని కూడా అన్నారు.

"పులుపంతా మీ చేతిలో ఉంది పిన్నిగారూ, తిరగెయ్యండి," అంది శశికళ.

బస్సు వేళకి జెర్సీలు తెల్లబడ్డాయి. ఒక్కటి తప్ప. ఊళ్ళో పిల్లలవన్నీ మంచి ఎండలో పరిచి, తన పిల్లది చివర్న చెట్టు నీడ పడేచోట వేసింది శశికళ. ఆద్య మూడో నెంబరు జెర్సీకి కాలర్ కిందా, ఓ భుజం మీదా లేత పసుపు మిగిలిపోయింది. శశికళ దాన్ని చూసి, మడత పెట్టి, బస్సులో పెట్టే దొంతరలో అన్నిటికంటే పైన పెట్టింది.

"అది కింద పెట్టొచ్చుగా, ఎవరూ చూడరు," అన్నాను.

"చూస్తారు. చూసేదేదో ముందే చూడనీ."

మైదానంలో రిఫరీ ముందే చూశాడు. ఆద్యని పక్కకి పిలిచి, వెనక్కి తిప్పి, పది అడుగులు దూరం వెళ్ళి నిలబడ్డాడు. బెంచీల మీద పట్టుచీరల్లో కూర్చున్న మేమంతా ఊపిరి బిగపట్టాం. శశికళ మాత్రం వీపు నిటారుగా పెట్టుకుని, పరీక్ష తనకే అన్నట్టు రిఫరీ కళ్ళలోకే చూస్తోంది. ఆయన కాలర్ వైపు ఒకసారి, వీపు మీది మెరూన్ రంగు మూడు వైపు ఒకసారి చూశాడు. బొటనవేలు పైకెత్తాడు.

ఆద్య ఆ సాయంత్రం బంతిని రెండుసార్లు గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నింది, ఒకసారి స్తంభానికే తన్నింది. మనవాళ్ళు గెలిచారు. ఈసారి మనవాళ్ళేనా అని అడక్కుండానే చప్పట్లు కొట్టింది శశికళ.

గేటు దగ్గర అవతలి జట్టు కోచ్ ఎదురొచ్చాడు. ఓడిన మనిషి, ముఖం కందగడ్డలా ఉంది. జెర్సీలు ఉతికేది ఈవిడే అని ఎవరు చెప్పారో మరి.

"మేడమ్, మైదానం అవతలి గట్టు నుంచి చూస్తూనే ఉన్నాను. మీ మూడో నెంబరు జెర్సీ పూర్తిగా తెల్లగా లేదు!"

శశికళ కొంగు సర్దుకుంది.

"అంత దూరం నుంచి మూడో నెంబరని చదివారంటే, జెర్సీ రూలు ప్రకారమే ఉన్నట్టండీ."